బటన్ వచ్చిన ఇల్లు

వెర్నా కాఫీ కప్పు సగమే నింపుకుంటుంది. నిండా పోస్తే ఒలుకుతుంది. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో అదే అలవాటు. ఓరిన్ కూడా భార్య కప్పులో సగం పోసి, తన కప్పు నిండా పోసుకుని, ఎదురుగా కూర్చుంటాడు. ఆ సగం తాగేసి ఆమె రబ్బరు బూట్లు తొడుక్కుంటుంది. కోళ్ళ గూడు తెరుస్తుంది, గుడ్లు ఏరుతుంది, బఠాణీ తీగలకి నీళ్ళు పెడుతుంది. గుర్రాల కొట్టం వైపు చూడకుండా ఇంట్లోకి వస్తుంది.

జులై ఆఖరి సోమవారం ఆమె గుడ్ల బుట్టతో గూడు వెనక నుంచి వచ్చేసరికి పెరట్లో బటన్ నిలబడి ఉన్నాడు.

గేటు గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది. అందులో వింతేమీ లేదు. బటన్ ఎప్పుడూ అలాగే వస్తాడు. బూడిదరంగు పొట్టి గుర్రం, ఎడమ చెవి కొస ఏదో చలికాలంలో మంచుకి రాలిపోయింది, నుదుటి మీద గుండీ అంత తెల్లమచ్చ. మోంటానా కొండల్లోని ఆ లోయలో ఎవరింట్లో పిల్లకో పిల్లాడికో గుర్రమెక్కే వయసొస్తే ఆ ఇంటికి వెళ్తాడు. అక్కడ తన పని అయిపోయాక ఇంకో ఇంటికి. దారిలో నడుస్తూ వాణ్ణి చూసినవాళ్ళు లేరు. వెర్నా అత్తగారు హుల్దాకి డెబ్బై నాలుగు. ఆవిడ అయిదేళ్ళప్పుడు బటన్ ఎక్కింది. "అప్పటికే ముసలాడు," అంటుంది.

పద్ధతి ప్రకారం వెర్నా బకెట్లో ఓట్స్ గింజలు పోసి ముందర పెట్టింది. పద్ధతి ప్రకారమే, వాడు నిన్నటిదాకా ఉన్న ఇంటికి ఫోన్ చేసింది.

"ఐరీన్, బటన్ మా ఇంట్లో ఉన్నాడు."

ఐరీన్ క్విస్ట్ గొంతు తగ్గించి అడిగింది. "వెర్నా, ఎన్నో నెల?"

"ఏంటి?"

"దాచుకుంటావెందుకే! హాఫ్‌డాల్ వాళ్ళ ఇంటికి అలాగే పిల్లలు పుట్టకముందే వచ్చాడుగా. ఆవిడకే తెలీదు అప్పటికి. కవలలు!"

"నాకు నలభై ఆరు, ఐరీన్."

"అయితే జాగ్రత్తగా ఉండాలి మరి. ఇనప బాల్చీలు ఎత్తకు."

మధ్యాహ్నానికల్లా చిన్న జీను, పసుపుపచ్చ తాడు తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్ళింది ఐరీన్. వాటితోపాటు ఒక మాంసం కూర గిన్నె. సాయంత్రానికి కూర గిన్నెలు అయిదయ్యాయి. హుల్దా ఉన్ని దుప్పటి అల్లడం మొదలుపెట్టి, ఆ ఉండతోసహా కారు దిగింది.

"లేదు అత్తయ్యా."

"నీకెలా తెలుసు?"

"నాకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది?"

"బటన్‌కి," అంది హుల్దా, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఓరిన్‌కి ఈ కబురు ఎండుగడ్డి పొలంలో తెలిసింది. ట్రాక్టర్ అక్కడే ఆపేసి నడుచుకుంటూ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నిజమా?"

"కాదు."

"హమ్మయ్య," అన్నాడు. వెంటనే సర్దుకున్నాడు. "అంటే, అయినా బాగానే ఉండేది. నేనేం కాదనను."

నాలుగేళ్ళలో వెర్నాకి నవ్వొచ్చిన సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ఆ ఇంట్లో నవ్వనిది కూతురు మార్నీ ఒక్కతే. మార్నీకి పద్నాలుగు. తొమ్మిది రోజులుగా తల్లితో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలన్నా నాన్నని అడిగి తీసుకుంటోంది. కారణం సెనెటర్.

సెనెటర్ ఎర్రమట్టి రంగు గుర్రం. మొదట అది వెర్నాది. ప్రతి శనివారం లోయవాళ్ళంతా ఊరిబయట కర్రకంచె మైదానంలో చేరి గుర్రాల మీద ఆటలాడతారు. మూడు పీపాల చుట్టూ తిరిగి రావడం, పాతిన గడల మధ్య మెలికలు తిరుగుతూ దూసుకుపోవడం, బకెట్లో బంగాళాదుంపని కర్రతో గుచ్చి తేవడం. మూడేళ్ళవాళ్ళ నించి ఎనభై ఏళ్ళవాళ్ళ దాకా అందరికీ ఏదో ఒక వరస ఉంటుంది. నాలుగేళ్ళ కిందట పీపాల పందెంలో, అవతలి చివర మూడో పీపా దగ్గర, నేల ఉడుత తవ్విన బొరియలో సెనెటర్ కాలు దిగబడింది. గుర్రం ఆమె మీద నుంచి దొర్లింది. తుంటిలో ఇనప కడ్డీ వేశారు. కడ్డీ కుదురుకుంది. చేతుల వణుకు మాత్రం కుదురుకోలేదు.

తర్వాత సెనెటర్‌ని మార్నీ ఎక్కింది. వద్దనడానికి వెర్నాకి నోరు రాలేదు. శనివారాలు మైదానానికి వెళ్ళేది గానీ ట్రక్కు దిగేది కాదు. అద్దాలు పైకెత్తి, రేడియో గట్టిగా పెట్టి, కళ్ళు మూసుకునేది. మార్నీ వచ్చి కిటికీ మీద తడితే తెరిచేది. మార్నీ చేతిలో ఎప్పుడూ ఎర్ర రిబ్బనే. రెండో స్థానం. ఆ పిల్ల గది గోడ నిండా ఎర్ర రిబ్బన్లే. మొదటి స్థానం నీలం రిబ్బను ఒక్కటీ లేదు.

పోయిన నెల మార్నీ ఒకసారి భుజానికి మట్టితో వచ్చింది. "జారానంతే, ఏమీ కాలేదు," అంది. వెర్నా ఆ మట్టి వైపు చూసింది. మర్నాడు ఫోన్ చేసి, కొనేవాడు దొరికితే గుర్రాన్ని ఇచ్చేస్తానని నలుగురికి చెప్పింది. తొమ్మిది రోజుల కిందట ఒకాయన దొరికాడు. వచ్చే ఆదివారం ట్రెయిలర్ తీసుకుని వస్తున్నాడు.

ఇలాంటి వారంలో వచ్చాడు బటన్.

మంగళవారం వాడు బఠాణీ తీగలు తిన్నాడు. బుధవారం ఓరిన్ వాణ్ణి ట్రెయిలర్లో ఎక్కించి క్విస్ట్ వాళ్ళింటికి తీసుకెళ్ళి దింపాడు. తిరిగొచ్చేసరికి వాడు వంటింటి కిటికీ దగ్గర నిలబడి వెర్నా గిన్నెలు కడుగుతుంటే చూస్తున్నాడు.

"దారిలో పక్కన దాటుకుని వెళ్ళాడేమో, నేను చూళ్ళేదు," అన్నాడు ఓరిన్.

"చూడవుగా," అంది వెర్నా.

వచ్చిన ఇంట్లో తాడు పందెం ఒక్కసారైనా కాకుండా బటన్ కదలడని అందరికీ తెలుసు. తాడు పందెం అంటే బొత్తిగా చిన్నపిల్లల ఆట. పెద్దవాళ్ళు తాడు పట్టుకుని గుర్రాన్ని నడిపిస్తారు, పిల్లలు పైన కూర్చుని అవతలి పీపా చుట్టి వస్తారు. మొదటివాళ్ళు, చివరివాళ్ళు అని ఉండదు. అందరికీ నీలం రిబ్బను, ఒక పుల్ల ఐసు.

గురువారం హుల్దా చిన్న జీనుని బల్ల మీద తిరగేసి నూనె రాయడం మొదలుపెట్టింది. జీను అడుగుతోలు మీద ఇప్పటిదాకా బటన్ ఎక్కిన పిల్లల పేర్లన్నీ ఉంటాయి. కొన్ని మేకుతో గీసినవి, కొన్ని సిరాతో రాసినవి. హుల్దా కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చదివింది.

"ఇదిగో నేను. ఇది మా తమ్ముడు. ఇదిగో ఓరిన్, అక్షరం తలకిందులు రాశాడు వెధవ. ఇది మార్నీ." ఆగింది. మళ్ళీ మొదటినుంచీ చూసింది. "నీ పేరేది?"

"నేను ఇక్కడి దాన్ని కాదుగా అత్తయ్యా. రైల్వే ఊళ్ళో పెరిగాను. పెళ్ళయ్యాకేగా గుర్రమెక్కింది. అదీ ఓరిన్ గుర్రం, ఇంత ఎత్తుది."

హుల్దా నూనె గుడ్డ కింద పెట్టింది. కిటికీ బయట బటన్ కొస లేని చెవి ఇటు తిప్పాడు.

"అయ్యో, అమ్మాయ్," అంది హుల్దా. "నెల తప్పడం కాదే ఇది. వాడు నీకోసం వచ్చాడు."

"నేను గుర్రమెక్కను. అందరికీ తెలుసు."

"నాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పు."

వెర్నా బయటికి వెళ్ళింది. చెప్పింది కూడా. బటన్ శ్రద్ధగా విని, ఆమె గౌను జేబులో మూతి పెట్టి, బట్టల క్లిప్పు ఒకటి తీసి నమిలాడు.

మెట్ల మీద కూర్చున్న మార్నీ ఇదంతా చూస్తోంది. పన్నెండు రోజుల తర్వాత తల్లితో ఆ పిల్ల నోరు విప్పింది.

"తాడు నేను పట్టుకుంటాను."

వెర్నా కూతురి వైపు చూసింది. ఆ గొంతు తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అప్పుడే తెలిసింది ఆమెకి.

"ఒక్క చుట్టు. నడకే," అంది. "ఆదివారం సంగతి ఆదివారందే. అందులో మార్పేం లేదు."

"నేనేం అడగలేదుగా," అంది మార్నీ.

శనివారం మైదానంలో పేర్లు రాసే బల్ల దగ్గర ఫెర్న్ కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీ ఆవిడదే. ఆవిడ భర్త క్లైడ్ గడ్డిబండి మీద మైకు పట్టుకుని ఉంటాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఎవరి గుర్రం ఎలా పరిగెత్తుతోందో ఊపిరి తీసుకోకుండా చెప్పడం ఆయన పని.

"ఏ వరస?" అంది ఫెర్న్.

"తాడు పందెం."

"ఎవరికి?"

"నాకే."

ఫెర్న్ పెన్ను ఆగింది. "ఆరేళ్ళలోపు వాళ్ళకి కదా అది."

వెనక నించున్న ఇద్దరు ఆటల సంఘం పెద్దలు వంగి నియమాల పుస్తకం తిరగేశారు. ఆరేళ్ళలోపు అనే ఉంది. ఒకాయన గడ్డం గోక్కున్నాడు. ఇంకొకాయన ఆకాశం చూశాడు. ఫెర్న్ పుస్తకం లాక్కుని మూసేసింది.

"బటన్ వాళ్ళింటికి వచ్చాడా, లేదా?"

"వచ్చాడు."

"మరింకేం?" అని ఐరీన్ వాళ్ళ చిన్నదాని పేరు కింద వెర్నా పేరు రాసింది.

జీను పట్టలేదు. దుప్పటి మడతపెట్టి వీపు మీద వేశారు. వెర్నా బక్కపలచటి మనిషి. అయినా కాళ్ళు దాదాపు గడ్డికి తగులుతున్నాయి. ఓరిన్ ఎత్తి కూర్చోబెట్టబోతే వద్దంది. కూర్చున్నాక రెండు చేతుల్తో జూలు పట్టుకుంది. జూలు వణికింది.

వరసలో ఆమె ముందు నలుగురు పిల్లలు. పక్కనే లావుపాటి గోధుమరంగు గుర్రం మీద నాలుగేళ్ళ టాలీ, ఐరీన్ మనవరాలు, వెర్నాని పైనుంచి కిందికి చూసింది.

"నీకిదే మొదటిసారా?"

"తాడు పందెం మొదటిసారే."

"ఏడుస్తావా?"

"తెలీదు."

"నేను పోయినసారి ఏడ్చాను," అంది టాలీ. "ఏం కాదు. ఏడిస్తే రెండు పుల్ల ఐసులు ఇస్తారు."

గడ్డిబండి మీద నుంచి క్లైడ్ గొంతు మోగింది. "ఇక రాబోతున్నది వెర్నా! వయసు నలభై ఆరు, తాడు పట్టుకున్నది కూతురు మార్నీ! అమ్మా మార్నీ, పిల్ల జాగ్రత్త!"

కంచె పొడుగునా జనం విరగబడి నవ్వారు. టోపీలు ఊపారు. హుల్దా అల్లిక సూదులు పైకెత్తి ఊపింది. ఈ నాలుగేళ్ళూ అద్దం వెనక నుంచి విన్న గోల ఇదేనా అనుకుంది వెర్నా. ఇంత దగ్గరగా ఉంటే అది వేరేలా ఉంది.

బటన్ నడక మొదలుపెట్టాడు. మెత్తగా, ఊయలలో పసిపిల్లని తీసుకెళ్తున్నట్టు నడిచాడు.

"తాడు గట్టిగా పట్టుకో," అంది వెర్నా.

"పట్టుకున్నాను."

"మరీ లాగకు."

"అమ్మా, నాకు పదేళ్ళుగా వచ్చు ఇది."

పది అడుగులు నడిచారు. ఇరవై. అవతలి చివర పీపా పెద్దదవుతోంది. వెర్నా వంగి నేల చూసింది. అక్కడ బొరియ లేదు, ఎప్పుడో పూడ్చేశారు. గడ్డి కూడా మొలిచింది. ఎక్కడ పడిందో ఆమెకి మాత్రం అంగుళంతోసహా తెలుసు.

"ఇక్కడే," అంది.

"తెలుసు," అంది మార్నీ. నడుస్తూనే, వెనక్కి చూడకుండా చెప్పింది. "సెనెటర్‌కి కూడా తెలుసు. ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ ఒక అడుగు పక్కకి వేస్తాడు. నేను చెప్పను. వాడే వేస్తాడు. ఎంత వేగంగా వస్తున్నా సరే. అందుకే మాకు అర సెకను పోతుంది."

వెర్నా ఆ గడ్డి వైపు చూసింది.

"ఎర్ర రిబ్బన్లన్నీ ఆ అర సెకనువే," అంది మార్నీ. "పోయిన నెల జారింది కూడా అందుకే. ఆసారి రెండడుగులు వేశాడు. నేను ఆ చోటు తొక్కించగలను. డొక్కలో ఒకటి పొడిస్తే తొక్కుతాడు. నాకు మనసొప్పలేదు."

బటన్ ఆగాడు. సరిగ్గా ఆ చోట, నాలుగు కాళ్ళూ అందులో పెట్టి ఆగాడు. మార్నీ తాడు లాగలేదు. వెర్నా అదిలించలేదు. కంచె దగ్గర జనం చప్పుడు తగ్గించారు. బటన్ మైదానం మధ్యలో ఆగాడంటే కారణం ఉంటుందని వాళ్ళకి తెలుసు. క్లైడ్ కూడా మైకు దించాడు.

నాలుగేళ్ళు తను ట్రక్కు అద్దాలు పైకెత్తి కూర్చుంది. నాలుగేళ్ళూ ఆ గుర్రం ప్రతి శనివారం ఇక్కడ ఒక అడుగు పక్కకి వేసింది. పక్కకి వేసి, మళ్ళీ పరిగెత్తింది. చూసి ఉంటే తెలిసేది.

వెర్నాకి ఏడుపొచ్చింది. గట్టిగా కాదు. బటన్ జూలు మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అంతే. వాడు చెవులు విదిలించాడు.

"మార్నీ, తాడు విప్పెయ్యి."

"నడకేనన్నావ్."

"విప్పు."

మార్నీ కొక్కెం విప్పింది. బటన్ పీపా చుట్టూ చక్కగా తిరిగాడు. బయల్దేరిన గీత వైపు తలతిప్పేసరికి చిన్న పరుగు అందుకున్నాడు. వెర్నా టోపీ ఎగిరిపోయింది. కాళ్ళు రెండూ చాచి, బుట్టలో గుడ్లు కదిలినట్టు ఎగిరెగిరి పడుతూ, నోరు తెరుచుకుని గీత దాటింది. వెనక మార్నీ పసుపుపచ్చ తాడు ఊపుకుంటూ, కేకలేస్తూ పరిగెత్తుకొచ్చింది. క్లైడ్ మైకులో ఏం చెప్పాడో ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

ఫెర్న్ ఆమెకి నీలం రిబ్బను గుచ్చి, ఒక పుల్ల ఐసు ఇచ్చింది.

"ఆవిడ ఏడ్చింది," అంది టాలీ కింది నుంచి. "నేను చూశాను. రెండియ్యి."

రెండో ఐసు మార్నీ తింది. "సెనెటర్ మీద నాలుగేళ్ళు ఆడినా నాకొకటి రాలేదు, ఒక్కరోజులో కొట్టేశావ్ నీలం రిబ్బను," అంది, మూతి ఎర్రగా చేసుకుని.

ఆదివారం పొద్దున బటన్ లేడు. గేటు గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది.

పదింటికి ట్రెయిలర్ వచ్చింది. దిగినాయన వెర్నాతో చెయ్యి కలిపాడు. "గుర్రం ఏది?"

"అమ్మడం లేదు."

"ఫోన్లో అమ్ముతానన్నారు."

"అన్నాను."

"నూట పది మైళ్ళు వచ్చానమ్మా."

"తప్పు నాదే. లోపలికి రండి, చెర్రీ కేకు ఉంది. కూర గిన్నెలు కూడా రెండు మిగిలాయి."

ఆయన రెండు ముక్కలు కేకు, ఒక గిన్నె కూర తిని, కోపం పోగొట్టుకుని వెళ్ళాడు. మార్నీ ఆయన ట్రెయిలర్ మలుపు తిరిగేదాకా మెట్ల మీద ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. తర్వాత లోపలికొచ్చి తల్లిని వెనక నుంచి వాటేసుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. అవతల క్లైడ్. మైకు లేకపోయేసరికి ఆయన గొంతు చిన్నగా ఉంది.

"వెర్నా, మా టమాటాలు తినేస్తున్నాడు."

"ఎవరు?"

"తెలిసి అడుగుతావేం."

"గేటు?"

"వేసే ఉంది. నాకు డెబ్బై ఒకటి. పోస్టాఫీసు ఉద్యోగం మీద వచ్చినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా అందరి గుర్రాల గురించీ చెప్తూనే ఉన్నాను. నేను ఎప్పుడైనా ఎక్కానా అని ఎవరూ అడగలేదు. ఫెర్న్ పొద్దుటి నుంచీ నవ్వు ఆపడం లేదు."

"జీను తెస్తున్నా," అంది వెర్నా.

జీను తిరగేసి, అడుగుతోలు మీద మార్నీ పేరు పక్కన తన పేరు రాసింది. చెయ్యి వణికింది కాబట్టి అక్షరాలు ఓరిన్ అక్షరాలకన్నా వంకరగా వచ్చాయి.

"ట్రక్కు తియ్యనా?" అన్నాడు ఓరిన్.

"వద్దు."

కొట్టం వైపు నడిచింది. నాలుగేళ్ళ తర్వాత ఆ తలుపు తీసింది. సెనెటర్ తలెత్తాడు. మెడ మీద చెయ్యి వేసింది. చర్మం కింద సన్నటి వణుకు. వాడిదో తనదో చెప్పలేకపోయింది. కళ్ళెం వేసి బయటికి తెచ్చి, కంచె కర్ర మీద కాలు పెట్టి, తొందరపడకుండా ఎక్కింది. మార్నీ చిన్న జీను అందించింది. వెర్నా తాడు భుజానికి చుట్టుకుంది.

క్లైడ్ ఇంటికి మైలున్నర. వెర్నా, సెనెటర్ నడకలోనే వెళ్ళారు. దారిలో ఒక నేల ఉడుత అడ్డొస్తే ఇద్దరూ ఆగి, అది దాటాక కదిలారు.

క్లైడ్ గేటు దగ్గర టమాటా మొక్కల మధ్య బటన్, పక్కన బిక్కమొహంతో క్లైడ్. తలెత్తి సెనెటర్ మీద ఉన్న మనిషిని చూసేసరికి ఆయనకి నోట మాట రాలేదు. ఆయనకి అలా జరగడం లోయలో ఎవరూ చూడలేదు.

వెర్నా జీను ఆయన చేతుల్లో పెట్టింది. తాడు మాత్రం ఇవ్వలేదు.

"శనివారం తొమ్మిదింటికి," అంది. "తాడు నేను పట్టుకుంటాను."

క్లైడ్ బటన్‌ని చూశాడు, జీను చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఏడుపొస్తే?"

"ఏడిస్తే రెండు పుల్ల ఐసులిస్తారు," అంది వెర్నా.